తుపాను షెల్టర్ తాళం ఇప్పించండి, యోగా ఏడాదంతా నడుస్తుంది

సంపాదకుల వారికి నమస్కారం.

జూన్ మూడో వారం వచ్చిందంటే పేపర్ల నిండా యోగానే. ఆసనాల బొమ్మలు, నాయకులు చాపల మీద కూర్చున్న ఫొటోలు, ఏ ఆసనం వేస్తే ఏ జబ్బు తగ్గుతుందో చెప్పే బాక్సులు. మీ పత్రికనే అనడం లేదండి, అన్నింటిలోనూ అంతే. జులై వచ్చేసరికి ఆ ఊసే ఉండదు. అందుకే ఆ హడావుడంతా అయ్యాక రాస్తున్నాను, కాస్త తీరిగ్గా చదువుతారని. నాది నరసాపురం మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొన్నేళ్లుగా అక్కడే యోగా నేర్పుతున్నాను, వీలు కుదిరినప్పుడల్లా పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు కూడా వెళ్లి చెప్పి వస్తుంటాను. నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఊళ్లో ఖాళీగా పడి ఉన్న తుపాను షెల్టర్‌ని పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మాకు తెరిచి ఇమ్మని. తీరం వెంబడి ఇలాంటి బిల్డింగ్ ఉన్న ప్రతి ఊరికీ ఈ మాట పనికొస్తుంది కాబట్టి మీకు రాస్తున్నాను.

యోగా డే వల్ల మంచి జరగలేదని నేను అనను. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న తీర్మానం చేసింది, 2015 నుంచి ఏటా జూన్ 21న ప్రపంచమంతా చేస్తున్నారు. 2025లో మన రాష్ట్రంలో మే 21 నుంచి నెల రోజులు యోగాంధ్ర అని ఊరూరా నడిపారు, చివరి రోజు విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. ఆ నెలంతా మా ఊళ్లో కూడా ఎప్పుడూ గడప దాటని ఆడవాళ్లు చాప చంకన పెట్టుకుని వచ్చారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ జూన్ 22న వాళ్లలో కొందరు మళ్లీ వచ్చి "ఈరోజు ఎక్కడండీ?" అని అడిగారు. ఎక్కడ అని చెప్పాలి? టెంట్ విప్పేశారు, మైకు వెళ్లిపోయింది, స్కూలు గ్రౌండులో పిల్లలు ఉన్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. మన డెల్టాలో జూన్ మూడో వారం అంటే కాలువలకి నీళ్లు వదిలి ఆకుమళ్లు వేసే రోజులు. తొలకరి పడుతూ ఉంటుంది, నేలంతా చెమ్మ. రైతుగానీ కూలికి వెళ్లే మనిషిగానీ ఆ పొద్దున చాప మీద కూర్చోమంటే ఎలా కూర్చుంటారు? కొత్తవాళ్లని మొదలుపెట్టించాలంటే మాకు మంచి రోజులు మాఘం, ఫాల్గుణం. దాళ్వా, అంటే రెండో పంట ఊడ్పులు అయిపోయి ఉంటాయి, పొద్దున పూట గాలి చల్లగా ఉంటుంది, చెమటకి ఊపిరాడకపోవడం అనే బాధ ఉండదు. పండగ ఎప్పుడైనా చేసుకోవచ్చు, నేర్పడం మాత్రం ఊరి పనుల క్యాలెండర్ చూసి మొదలుపెట్టాలి.

ఇక చోటు గురించి. చాలామందికి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మీ ఇంటి డాబా మీద చెప్పకూడదా, గుడి మండపంలో చెప్పకూడదా అంటారు. డాబా మీద పెడితే ఆ ఇంటివాళ్లతో మాటల్లేని వాళ్లెవరూ మెట్లెక్కరు. గుడి మండపంలో పెడితే దళిత పేట నుంచి ఆడవాళ్లు రారు, చర్చికి వెళ్లేవాళ్లు రారు, ముస్లిం వీధి నుంచి ఎవరూ రారు. వాళ్లని రావద్దని ఎవరూ అనరు, కానీ వాళ్లకై వాళ్లే ఆగిపోతారు, ఆ ఆగిపోవడం వెనక ఎంత ఉందో ఈ ఊళ్లలో పుట్టి పెరిగిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కల్యాణ మండపం అద్దె మేం కట్టలేం. అందరిదీ అనిపించుకునే చోటు ఊళ్లో రెండే రెండు, ఒకటి బడి, రెండోది తుపాను షెల్టర్. గాలివాన వచ్చిన రాత్రి అక్కడ ఎవరు ఎవరి పక్కన పడుకున్నారని ఎవరూ అడగలేదు. ఆ గదిలోకి రావడానికి ఎవరికీ మొహమాటం లేదు.

మరి ఆ షెల్టర్ సంగతేంటంటే, తాళం. తుపాను హెచ్చరిక వస్తే తప్ప తాళం తీయరు. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుపాను మా నరసాపురం దగ్గరే తీరం దాటింది. అంతకు ముందు ఇలాంటి ఒక షెల్టర్‌లో జనాన్ని చేర్చే సమయానికి కుళాయిలో నీళ్లు రాలేదు, రెండు బల్బులు వెలగలేదు, ఒక గది నిండా ఎవరివో గోనెసంచులు. పసిపిల్లలతో వచ్చిన తల్లులు మెట్ల మీద నిలబడి ఉంటే అప్పటికప్పుడు ఊడ్చారు. అదే గదిలో రోజూ పొద్దున నలభై మంది చాపలు పరుచుకుని ఉంటే కుళాయి పాడైన రోజే తెలిసేది, బల్బు పోతే మేమే చందా వేసుకుని మార్చేవాళ్లం, నేల రోజూ తడిగుడ్డ పడి ఉండేది. వాడని బిల్డింగ్ పాడవుతుంది, ఇందులో వాదించడానికి ఏముంది? అంతేకాదు, రోజూ కలిసి చేసేవాళ్లకి ఏ ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మ ఉంది, ఎవరికి మోకాలు ఆపరేషన్ అయింది అనేది నోటి లెక్కలో ఉంటుంది. తుపాను రోజున ఎవరిని ముందు తీసుకురావాలో వాళ్లని అడిగితే చాలు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లు కోనసీమలో ఇంకా ఉన్నారు, ఈ మాట విలువ వాళ్లకి తెలుసు.

ఇప్పుడు అసలు నేర్పే పని. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

ఆయుష్ శాఖ తయారు చేసిన 45 నిమిషాల కామన్ ప్రోటోకాల్, అంటే అందరికీ ఒకేలా పెట్టిన ఆసనాల క్రమం, మంచిదే. మెడ, భుజాలు, నడుము కదిలించడంతో మొదలై, తాడాసనం, వృక్షాసనం, త్రికోణాసనం, తర్వాత కూర్చుని చేసేవి, బోర్లా పడుకుని చేసేవి, వెల్లకిలా చేసేవి, చివర శవాసనం, ప్రాణాయామం, కాసేపు ధ్యానం. అందులో సూర్య నమస్కారాలు లేవు, కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది యోగా అంటే అవే అనుకుంటారు. ఈ క్రమం వచ్చినవాళ్లు దేశంలో ఎక్కడైనా క్లాసు చెప్పొచ్చు. కానీ మా ఊళ్లో చాప మీద పడుకునే ఒళ్లు ఎలాంటివో చూడాలి కదా.

నరసాపురం లేసు గురించి అందరికీ తెలుసు, 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. ఆ లేసు అల్లే చేతులు ఎవరూ చూడరు. మా క్లాసుకి వచ్చే ఒక పిన్నిగారు చిన్నప్పటి నుంచీ అల్లుతూనే ఉన్నారు. గుమ్మంలో వెలుతురు పడే చోట గోడకి ఆనుకుని, తల వంచి, ఎడమ చేతి చూపుడు వేలికి దారం చుట్టుకుని, కుడి చేత్తో సూది ఆడిస్తూ గంటలు గంటలు కూర్చుంటారు. ఆవిడ నిటారుగా నిలబడినా గడ్డం ముందుకే ఉంటుంది. చేతులు పైకెత్తమంటే చెవుల దాకా రావు, భుజాలు లేచిపోతాయి. కుడి బొటనవేలి మొదట్లో నొక్కితే "అబ్బా" అంటారు. ఆవిడకి మొదటి రోజే బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భుజంగాసనం చెబితే మెడ ఎగరేసి ఇంకో నొప్పి తెచ్చుకుంటారు. గోడకి వీపు, తల వెనక భాగం ఆనించి నిలబడి గడ్డం కొంచెం లోపలికి లాక్కోవడం, పిడికిలి మూసి తెరవడం, మణికట్టు తిప్పడం, కూర్చున్న చోటే నెమ్మదిగా పక్కకి తిరిగే వక్రాసనం. కొన్ని వారాలు ఇవే. తర్వాత ఒకరోజు ఆవిడే చెప్పారు, "రాత్రి పక్కకి తిరిగి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కలేదమ్మా" అని. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఊడ్పులకి వెళ్లేవాళ్లది పూర్తిగా వేరే కథ. వాళ్లు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ముందుకి వంగే ఉంటారు, మోకాళ్ల లోతు బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ. సాయంత్రం వచ్చాక మళ్లీ పాదహస్తాసనం అని ముందుకే వంగమంటే అది సాధన కాదు, ఓవర్ టైము. ఆ సీజన్‌లో వాళ్లకి నేను నిలబడి చేసేవి చాలావరకు మానేస్తాను. వెల్లకిలా పడుకుని కాళ్లు బెంచీ మీద పెట్టుకోవడం, బోర్లా పడుకుని ఒళ్లు వదిలేసే మకరాసనం, ఓపిక ఉంటే వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే సేతుబంధాసనం, తర్వాత శవాసనం. శవాసనంలో నిద్రపోతే లేపను. దింపు కార్మికుల సంగతి చూడండి, కాళ్లకి తాడు వేసుకుని రోజంతా కొబ్బరిచెట్లు ఎక్కి దిగే మనిషికి వృక్షాసనం చిటికెలో వస్తుంది, ముందుకి వంగితే అరచేతులు నేలకి ఆనుతాయి, కానీ వెనక్కి వంగమంటే తొడల ముందు భాగం, నడుము కర్రలా బిగుసుకుపోయి ఉంటాయి. కాయ వలిచేవాళ్లకి ఒక భుజమే అరిగిపోతుంది. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రాళ్లకి కావలసింది ఆసనాలు కూడా కాదు, నిద్ర. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోతే రొయ్య పోతుందన్న టెన్షన్‌తో పడుకున్నా చెవులు అటే ఉంటాయి. వాళ్లకి నాడీశోధన, భ్రామరి లాంటి ప్రాణాయామాలు, ఊపిరి వదిలే సమయం మెల్లగా పెంచుకోవడం, ఇవి సాయంత్రం డ్యూటీకి ముందు చెబితే ఉపయోగం. పొద్దున ఆరింటికి క్లాసు పెట్టి వీళ్లు రాలేదంటే ఎలా వస్తారండీ, అప్పుడే కదా ఇంటికి వెళ్లి పడుకునేది. అందుకే సాయంత్రం గంట కూడా అడుగుతున్నాను. దోమల బాధ ఉంది కాబట్టి ఆరుబయట కుదరదు, కిటికీలకి మెష్ ఉన్న గది కావాలి.

మగవాళ్లు మొదట్లో ఒకే మాట అంటారు. "ఆయ్, మేం రోజూ చేసేది యోగా కాకపోతే మరేంటండీ" అని. ఆ మాటని నేను కొట్టిపారేయను. వాళ్ల ఒంట్లో ఉన్న బలం క్లాసు చెప్పే నాకు లేదు. కానీ పని ఒళ్లంతటినీ సమంగా కదిలించదు. కొన్ని కీళ్లనే, ఒక వైపునే, వేల సార్లు కదిలిస్తుంది, మిగతావి అలాగే బిగుసుకుపోతాయి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, చెట్టు మీద బిగబడతాం, అప్పు గుర్తొచ్చినప్పుడు కూడా బిగబడతాం. చాప మీద మనం చేసేది పని వాడని వైపుకి కదలడం, బిగబట్టిన ఊపిరి వదలడం. ఇది విడమరిచి చెబితే ఎవరికైనా అర్థమవుతుంది, ముఖ్యంగా సాయంత్రం నడుం పట్టుకుని కూర్చునే మనిషికి.

ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పడం అనేది నేను కనిపెట్టింది కాదు. మైసూరు మహారాజు ఆదరణలో 1930లలో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడిపిన కృష్ణమాచార్య గారు మనిషికి తగ్గట్టు యోగాన్ని మార్చాలన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న అయ్యంగార్ గారు పుణెలో కుర్చీలు, బెల్టులు, దిమ్మెలు వాడి, వంగలేని వాళ్లతో కూడా ఆసనాలు వేయించారు. మాకు దిమ్మెలు లేవు. ప్లాస్టిక్ కుర్చీ ఉంది, గోడ ఉంది, పాత చీర మడత ఉంది. మోకాళ్లు అరిగి నేల మీద కూర్చోలేని పెద్దవాళ్లు కుర్చీలో కూర్చునే ముప్పావు వంతు ప్రోటోకాల్ చేస్తారు. మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం రానివాళ్లు యోగాకి పనికిరారని ఎవరైనా అంటే నమ్మకండి.

దీనికి ఇంకో వైపు ఉంది, అది చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. ఒంటి సంగతి అడక్కుండా నేర్పడం ప్రమాదం. ఒక క్యాంపులో బయటి నుంచి వచ్చిన శిక్షకుడు మైకులో "స్పీడు, ఇంకా స్పీడు" అంటూ అందరితోనూ కపాలభాతి, అంటే పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి గబగబా వదలడం, చేయించాడు. నా ముందు వరుసలో ఉన్నావిడకి బీపీ ఉంది, కళ్లు తిరిగి పక్కకి ఒరిగిపోయింది. ముందే ఎవరూ అడగలేదు. బీపీ ఎక్కువున్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు, కొత్తగా పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు ఆ వేగం కపాలభాతి చేయకూడదు. గ్లాకోమా ఉన్నవాళ్లు శీర్షాసనం లాంటి తల కిందులు చేసే ఆసనాలు వేస్తే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు నడుము గుండ్రంగా చేసి బలవంతంగా ముందుకి వంగకూడదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, "నలభై రోజులు చేయండి, షుగర్ మాత్రలు పారేయొచ్చు" అనేవాళ్లు. షుగర్ మాత్ర తగ్గించాలో మానాలో చెప్పాల్సింది డాక్టరు, యోగా టీచరు కాదు. ఆ మాట విని మాత్రలు ఆపేసి, కాలి పుండు ముదిరాక ఆస్పత్రికి పరిగెత్తిన కుటుంబం బాధ నేను దగ్గర్నుంచి చూశాను. యోగాని ప్రేమించేవాళ్లే ఇలాంటి మాటల్ని గట్టిగా ఖండించాలి.

విలేజ్ హెల్త్ క్లినిక్‌లో బీపీ మెషీన్ ఉంది, షుగర్ చూసే పరికరం ఉంది, చూసే సిస్టర్ ఉన్నారు. నెలకి ఒక పొద్దున ఆవిడ షెల్టర్‌కి వచ్చి క్లాసు మొదలవకముందే అందరికీ చూసి ఒక నోట్‌బుక్‌లో రాస్తే సరిపోతుంది. పరీక్ష కోసం రమ్మంటే రానివాళ్లు క్లాసు కోసం వచ్చి పరీక్ష చేయించుకుంటారు. ఎవరితో ఏం చేయించకూడదో నాకూ తెలుస్తుంది. దీనికి కొత్త పథకం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు, రెండు శాఖలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే చాలు.

డబ్బు సంగతికి వస్తాను. ఆయుష్ ఆరోగ్య మందిరాల్లో పార్ట్ టైమ్ యోగా శిక్షకుల ఏర్పాటు ఉంది, మంచిదే. కానీ అన్ని ఊళ్లకీ అది లేదు. యోగా సేవ కదా, డబ్బులెందుకు అనేవాళ్లు ఉన్నారు. సేవ చేయడానికి నాకు అభ్యంతరం లేదు, చేస్తూనే ఉన్నాను. కానీ నా తర్వాత ఈ పని అందుకోవాల్సిన ఆడపిల్ల లేసు అల్లినా, రొయ్యల షెడ్డుకి వెళ్లినా ఎంతో కొంత వస్తుంది, ఉచితంగా క్లాసు చెబితే ఇంట్లో ఊరుకోరు. ఊరికి ఇద్దరిని, వీలైతే డ్వాక్రా సంఘాల్లో ఉన్న ఆడవాళ్లనే ఎంచుకుని, యోగా సర్టిఫికేషన్ బోర్డు వారి ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ స్థాయి దాకా, అంటే ఆ 200 గంటల శిక్షణ దాకా చదివించి, పంచాయతీ నుంచి నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాలి. వారం రోజుల ట్రైనింగ్ ఇచ్చి మైకు చేతికివ్వడం కంటే ఇది ఖర్చు ఎక్కువే. కానీ యోగా డే నాడు టెంట్లకి, టీషర్టులకి, బ్యానర్లకి, బస్సులకి పెట్టే ఖర్చు ఎంతుందో అధికారులకి తెలుసు.

క్లాసులో కొన్ని పద్ధతులు మేం పెట్టుకున్నాం, ఇంకెవరైనా మొదలుపెడితే పనికొస్తాయని రాస్తున్నాను. ప్రార్థన దగ్గర ఎవరి దేవుణ్ణి వాళ్లు మనసులో తలుచుకుంటారు, ఇష్టం లేనివాళ్లు కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తారు, ఎవరూ ఎవర్నీ అడగరు. ఈ ఒక్క పద్ధతి వల్ల మా చాపల వరుసలో ఇప్పుడు అన్ని వీధులవాళ్లూ ఉన్నారు. చీరలో వచ్చినా సరే, చీరలో చేయగలిగినవి చాలా ఉన్నాయి, డ్రెస్ కొనుక్కునే దాకా ఆగక్కర్లేదు. పొద్దున టీ తాగి వచ్చినా ఫర్వాలేదు గానీ టిఫిన్ తిని మాత్రం రావద్దు. ఇక ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టాలి. దీని మీద నేను చాలా గట్టిగా ఉంటాను, ఎందుకంటే పైనుంచి ఫొటో పంపమని ఒత్తిడి వస్తే కింద నుంచి ఎవరో ఒకరు ఆసనంలో ఉన్న ఆడవాళ్లని తీసి గ్రూపులో పెట్టేస్తారు, మర్నాటి నుంచి సగం మంది రారు. ఎంతమంది వచ్చారో తెలియాలంటే రిజిస్టర్ ఉంది, వచ్చి చూసుకోవచ్చు.

పంచాయతీలో అడిగాను. షెల్టర్ మా చేతిలో లేదన్నారు. మరో ఆఫీసుకి వెళ్తే గ్రామసభ తీర్మానం తెమ్మన్నారు. తీర్మానం తీసుకెళ్తే పైనుంచి ఆర్డర్ రావాలన్నారు. ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు, తాళం ఇచ్చాక ఏదైనా జరిగితే తన మీదికి వస్తుందని ఎవరి భయం వాళ్లది. అందుకే జిల్లా స్థాయిలో ఒక్క ఉత్తర్వు కావాలి. తుపాను షెల్టర్లని రోజూ నిర్ణీత వేళల్లో గ్రామ ఆరోగ్య కార్యక్రమాలకి వాడుకోవచ్చని, తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే ఖాళీ చేయాలని, శుభ్రత బాధ్యత వాడుకునేవాళ్లదేనని. ఈ మూడు మాటలున్న కాగితం వస్తే పశ్చిమ గోదావరి నుంచి కోనసీమ దాకా ఎన్నో ఊళ్లలో తాళాలు తెరుచుకుంటాయి. కలెక్టర్ గార్లు ఈ ఉత్తరం చదువుతారని ఆశ.

అప్పటిదాకా మా క్లాసు బడి వరండాలోనే నడుస్తుంది, బడి గంట కొట్టే లోపు లేచిపోతాం. వాన పడిన రోజు ఉండదు. మీ విలేకరిని జూన్‌లో కాకుండా ఏ మాఘమాసంలోనో ఒక పొద్దున పంపండి, లేసు అల్లేవాళ్లతో, ఊడ్పుల మేస్త్రితో మాట్లాడించి, ఆ రిజిస్టర్ చూపిస్తాను. ఫోన్ మాత్రం బుట్టలో పెట్టి రమ్మనండి.

ఇట్లు,
ఒక యోగా శిక్షకురాలు,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా